గని తవ్వకముందే చూడవలసిన పైపొర

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో ఆమదాలవలస దగ్గర ఒక పల్లె. మా తమ్ముడు జార్ఖండ్‌లోని హజారీబాగ్ వైపు ఒక బొగ్గు గనిలో కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తున్నాడు. మన దన్నానపేటలో ఉన్నట్టే అక్కడా పాతకాలపు నిలువురాళ్లు ఉన్నాయని, ఏడాదికి రెండుసార్లు వాటి మధ్య సూర్యోదయం చూడటానికి జనం వస్తారని చెప్పాడు. గనికి అనుమతి ఇచ్చేటప్పుడు ఇలాంటి చోట్లను కాపాడటానికి ఏ నిబంధనలున్నాయి? మా వైపు బొగ్గు లేదు గాని క్వారీలున్నాయి. వాటికీ ఇవి వర్తిస్తాయా?
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: మీ తమ్ముడు చెప్పినవి పంక్రీ బర్వాడీ మహాశిలలు అయివుంటాయి. పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి, సెప్టెంబరు రోజుల్లో అక్కడ రెండు రాళ్ల నడుమ నుంచి సూర్యోదయాన్ని చూస్తారు. అదే పేరుతో ఆ ప్రాంతంలో ఎన్‌టీపీసీ వారి బొగ్గు గని కూడా ఉంది.

మన దేశంలో ఈ విషయానికి మూలం 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం. రక్షిత స్థలం హద్దు నుంచి 100 మీటర్ల దాకా నిషిద్ధ ప్రాంతమని, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతమని 1992 జూన్‌లో ఇచ్చిన ప్రకటన నిర్మాణాలకే గాక గనుల తవ్వకానికి కూడా హద్దులు గీసింది. 2010 సవరణ ఆ దూరాలను చట్టంలోనే చేర్చింది. ఇది బొగ్గుకూ, గ్రానైటుకూ, మన విజయనగరం జిల్లా మాంగనీసుకూ ఒకటే. శాలిహుండం, రామతీర్థం, ముఖలింగం వంటి చోట్ల ఈ గీత పనిచేస్తుంది.

అయితే చిక్కంతా ‘రక్షిత’ అన్న మాటలోనే ఉంది. కేంద్రమో, 1960 నాటి రాష్ట్ర చట్టం కింద రాష్ట్రమో జాబితాలో చేర్చిన స్థలానికే చట్టరక్షణ. జనం రాకాసి గుళ్లని పిలుచుకునే సమాధులు, పొలానికి ఎరువుగా పాటిమట్టి తవ్వుకునే దిబ్బలు ఎన్నో ఏ జాబితాలోనూ లేవు. శాలిహుండం కొండ మీది అవశేషాలను కూడా 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తించి చెప్పేదాకా లోకం పట్టించుకోలేదు. ఆయన చూడకముందే అక్కడ క్వారీ పడి ఉంటే, ఏ చట్టమూ అడ్డు వచ్చేది కాదు.

బొగ్గు విషయంలో ఈ లోటు మరీ ప్రమాదకరం. ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గు పొరను చేరడానికి పైనున్న మట్టినీ రాతినీ మొత్తం ఎత్తి పక్కన గుట్టగా పోస్తారు. గనుల్లో దాన్ని ఓబీ అంటారు. గనివారికి అది అడ్డు తొలగించుకోవడం, పురాతత్వవేత్తకు మాత్రం కావలసింది ఆ పైపొరే. ఏ పెంకు ఏ పొరలో, దేని పక్కన దొరికిందన్నదాన్ని బట్టే కాలం తెలుస్తుంది గనుక, ఒకసారి తిరగబడిన మట్టిలో వెయ్యి పెంకులు ఏరినా ఆ కథ తిరిగి రాదు. అందుకే పరిశీలన అనుమతికి ముందే జరగాలని నేను గట్టిగా నమ్ముతాను.

అందుకు వీలిచ్చేది 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటన. సాంస్కృతిక విలువ వల్ల చట్టరక్షణ పొందిన స్థలాలు 15 కిలోమీటర్ల లోపు ఏమున్నాయో దరఖాస్తుదారు ఫారంలో ఒక గడిలో చెప్పాలి. జాబితాకెక్కని స్థలం ఆ గడిలోకి రాదు. దాన్ని ఫైలులోకి ఎక్కించవలసింది ఊరివాళ్లే, అదీ ప్రజాభిప్రాయ సేకరణ సమయంలో. ఆ సభకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, జరిగినదంతా వీడియో తీయాలి, రాసుకున్న అభ్యంతరాలను సభలోనే స్థానిక భాషలో చదివి వినిపించాలి. నోటిమాటతో సరిపెట్టకండి. సర్వే నంబరు, పక్కన స్కేలు పెట్టి తీసిన ఫొటో జతచేసి రాతపూర్వకంగా ఇవ్వండి. చేటంత ఇటుక దొరికితే దాని విరిగిన అంచు చూడండి. పాత ఇటుకల్లో తరచుగా కాలిపోయిన ఊక గుర్తులు సన్నని గీతల్లా కనిపిస్తాయి. ఆ అంచునూ దగ్గరగా ఫొటో తీయండి.

చిన్న క్వారీలకు ఈ సభ జరగకపోవచ్చు. అప్పుడు తహశీల్దారుకు, గనుల శాఖకు, పురావస్తు శాఖకు ఒకే అర్జీ మూడు ప్రతులుగా ఇచ్చి, రసీదు తీసుకోండి.

అమెరికాలో 1977 నాటి ఉపరితల బొగ్గు గనుల చట్టం ప్రకారం, జాతీయ చారిత్రక స్థలాల పట్టికలో ఉన్న చోటుకు హాని చేసే గనికి గనుల అధికారి ఒక్కరి సంతకం చాలదు. ఆ స్థలంపై అధికారం ఉన్న సంస్థ కూడా ఒప్పుకోవాలి. శ్మశానానికి 100 అడుగుల లోపు తవ్వకం కూడదు. అక్కడా పట్టికే కీలకం: 1921లో బొగ్గు కార్మికులు పోరాడిన బ్లెయిర్ కొండను 2009లో పట్టికలో చేర్చి అదే ఏడు తీసేశారు, మళ్లీ చేర్చింది 2018లో.

ఇక మీ తమ్ముడికి ఒక మాట చెప్పండి. పొక్లెయిన్ బకెట్‌లో కుండపెంకులో, నాణేలో కనబడితే కడగవద్దు, చోటు మార్చవద్దు. అక్కడ యంత్రం ఆపించి, చోటు గుర్తుపెట్టుకుని పైవారికి రాసి ఇవ్వమనండి. భూమిలో దాగి పది రూపాయలకు మించిన విలువ చేసే నిధి ఏది దొరికినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని 1878 నాటి చట్టం ఈనాటికీ చెబుతోంది.