చెరువు నీళ్ళు వరికా, చేపలకా? మా ఊళ్ళో జరిగింది చెబుతాను

ఒకే చెరువు మీద పొలాలు, చేపల పాట (చెరువులో చేపలు పెంచుకునే హక్కుకి వేలం), గొడ్లు, చాకిరేవు అన్నీ ఆధారపడితే నీళ్ళు ఎలా పంచుకోవాలని అడిగారు. పాట పెట్టే ముందు కాగితం మీద ఏం రాసుకున్నారన్నదే మొత్తం కథ. ఏ ఊళ్ళో చూసినా గొడవ అక్కడే మొదలవుతుంది.

మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి వైపు. తోటపల్లి కాలవ చుట్టుపక్కలకి వచ్చింది గానీ మా చెరువుకి ఇప్పటికీ వానే దిక్కు. ఒక ఏడాది అక్టోబరులో వాన మొహం చాటేసింది. వరి పొట్ట మీద ఉంది. అప్పుడు మడి ఎండితే వెన్ను వచ్చినా అంతా తాలే. చెరువు పాడుకున్నాయన మాత్రం బొచ్చె చేపలు అరకిలో కూడా కాలేదు, మదుం (పొలాలకి నీళ్ళు వదిలే తూము) ముట్టుకోవద్దని గట్టు మీద మంచం వేసుక్కూర్చున్నాడు. ఆయన్నీ అనలేం. డబ్బు ముందే కట్టాడు, ఆ డబ్బుతో మేం కోవెలకి సున్నాలు కూడా వేయించేశాం.

ఓ రాత్రి రెండింటికి మావయ్య ఫోను. "ఒరే, మదుం ఎవడో పీకేసాడ్రా, బేగి రా!"

మా మదుం తలుపు ఎప్పుడో తుప్పు పట్టి పోయింది, ఇసక బస్తాలతో మూస్తాం. వెళ్ళేసరికి బస్తాలన్నీ పక్కకి లాగేసి ఉన్నాయి. టార్చి వేస్తే పై మడుల్లో వరి దుబ్బుల మధ్య శీలావతి చేపలు తపతపా కొట్టుకుంటున్నాయి. మళ్ళీ మూసేసరికి తెల్లారింది. ఇంతా చేస్తే శివారు మడులకి చుక్క చేరలేదు. రేవులో బట్టలుతికే అత్త అడుగున మిగిలిన బురద నీళ్ళు చూసి, "మీ తగువులు మీరు పడండి బాబూ, నానెక్కడ ఉతకాల?" అంది. మర్నాటి నుంచి తెల్లవారుజామున మిగిలిన చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచేవి.

1997లో నీటి సంఘాల చట్టం వచ్చింది కదా అంటారు. అందులో ఓటు ఆయకట్టులో, అంటే ఆ నీళ్ళు పారే పొలాల్లో, భూమి సొంతదారుగానో కౌలుదారుగానో రికార్డుల్లో ఉన్నవాళ్ళకే. రేవుకీ గేదెకీ ఓటెక్కడిది?

ఇప్పుడు మదుం పక్క రాయికి ఎర్ర రంగు గీత కొట్టాం. గీతకి పైనున్న నీళ్ళు పొలానివి. గీత దిగితే మదుం మూత, మిగిలింది చేపలకీ గొడ్లకీ రేవుకీ. ఇది ముందే చదివి వినిపించాకే పాట. ధర తగ్గిందని కొందరు పెద్దలు ఇంకా గొణుగుతున్నారు. పాట డబ్బుల్లోంచి మదుం తలుపుకి కొంత తియ్యమంటే, ముందు కోవెల ప్రహరీ కానీ అంటున్నారు. ఈ ఏడూ ఇసక బస్తాలే.