స్పష్టంగా ఉన్న సాటిలైట్ ఫొటోనే మ్యాప్‌కి మంచిదా?

బెంగళూరు హెచ్ఎస్ఆర్ లేఅవుట్ చుట్టుపక్కల రోడ్లు, ఇళ్లు, చెరువులు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో (ఎవరైనా గీయగల ఉచిత మ్యాప్) గీయాలి, బింగ్, ఎస్రీ సంస్థలిచ్చే సాటిలైట్ ఫొటోలు రెండూ ఉన్నాయి, స్పష్టంగా ఉన్నదాన్ని పట్టుకుని గీసేయొచ్చా అని ఒకరు అడిగారు. వద్దండీ. ముందు స్థానం చూడండి, తర్వాత తేదీ. స్పష్టత సంగతి ఆఖరికి.

స్థానం సరిచూడ్డానికి ఒకే రోడ్డు మీద మూడు నాలుగు జీపీఎస్ ట్రాక్‌లు (వెళ్లిన దారిని ఫోన్ నమోదు చేసిన గీతలు) కావాలి, రానూ పోనూ రెండు వైపులవీ. పైన ఆకాశం తెరిపిగా ఉంటే ఫోన్ జీపీఎస్ 3 నుంచి 5 మీటర్లు అటూ ఇటూగా చూపిస్తుంది. ఫ్లైఓవర్ కింద, ఎత్తైన అపార్ట్‌మెంట్ల మధ్య తీసిన ట్రాక్‌లు పక్కన పెట్టేయండి. మిగతావాటి నడిమధ్య గీతకి ఫొటోలో రోడ్డు ఎప్పుడూ ఒకే పక్కకి జరిగి ఉంటే, మ్యాప్ గీసే ఎడిటర్‌లో ఆఫ్‌సెట్ (ఫొటో ఎంత జరిగి ఉందో ఆ తేడా) సరిచేసి అప్పుడు గీయండి. ఆ ఆఫ్‌సెట్ ఊరంతటికీ పనికిరాదు. బెంగళూరు నేల ఎత్తుపల్లాలది. కెమెరా నిట్టనిలువుగా కాక 20 డిగ్రీల వాలులో తీసిన ఫొటోకి వాడిన నేల ఎత్తు లెక్క 10 మీటర్లు తప్పితే స్థానం 3.6 మీటర్లు జరుగుతుంది. అందుకే రెండు మూడు కిలోమీటర్లకోసారి మళ్లీ చూసుకోవాలి. రెండు ఫొటోలు అతికిన చోట రంగు మారి, రోడ్డు విరిగినట్టు కనబడితే అక్కడ తప్పకుండా చూడాలి.

ఎక్కువమంది తప్పు చేసేది భవనాల దగ్గర. గోడలు కనబడుతున్నాయంటే ఫొటో వాలుగా తీసినట్టే. 30 మీటర్ల భవనం అదే 20 డిగ్రీల వాలులో ఉంటే డాబా అంచు దాదాపు 11 మీటర్లు పక్కకి పడుతుంది. డాబా ఆకారం గీసి, మొత్తాన్ని గోడ నేలని తాకే చోటికి జరపండి. డాబా అంచుల్ని చూసి రోడ్డు మాత్రం సరిచేయకండి.

తేదీకి ఎస్రీ వాళ్ల వేబ్యాక్ అనే సైట్‌లో పాత ఫొటోలు వరసగా దొరుకుతాయి. కంటితో పట్టే గుర్తూ ఉంది: మెట్రో ఎల్లో లైన్ 2025 ఆగస్టులో మొదలైంది, సిల్క్ బోర్డ్ స్టేషన్ కప్పు లేకుండా కనబడితే ఫొటో అంతకు ముందుదే. యూరప్ వాళ్ల సెంటినెల్-2 సాటిలైట్లు అయిదు రోజులకోసారి కొత్త ఫొటో ఇస్తాయి గానీ అందులో ఒక్కో పిక్సెల్ (చుక్క) నేల మీద 10 మీటర్లు. కొత్త లేఅవుట్ వచ్చిందా అని చూడ్డానికి బావుంటుంది, ఇళ్లకి పనికిరాదు.

చెరువుల దగ్గర తొందరపడకండి. గుర్రపుడెక్క కమ్మేసిన బెళ్ళందూరు చెరువు ఫొటోలో పచ్చిక మైదానంలా ఉంటుంది, కంటికి కనబడని నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతితో తీసిన ఫొటోలో కూడా మొక్కలాగే మెరుస్తుంది. వేర్వేరు నెలల ఫొటోలు పక్కపక్కన పెట్టి, కదలని కట్టని ఆధారం చేసుకోండి.

నీడలూ ఇబ్బందే. డిసెంబరులో పొద్దున పదిన్నరకి తీసిన ఫొటోలో నీడ వాయవ్యానికి, దాదాపు భవనం ఎత్తంత పొడవున పడుతుంది. ఆ పక్క సందు ఉందో లేదో తెలియదు. జయనగర్ లాంటి చోట చెట్లూ అంతే, ఆకు రాలిన నెలల ఫొటో వెతకండి. అప్పటికీ కనబడని సందుని ఊహించి గీయకండి, నడిచి చూశాకే చేర్చండి.

గూగుల్ ఫొటో మీద గీసింది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పెట్టకూడదు, లైసెన్సు ఒప్పుకోదు.