పెట్టె మూసింది మొదలు తెరిచేదాకా

స్థానిక ఎన్నికల బ్యాలెట్ పెట్టెల గురించి, పత్రాల భద్రత గురించి వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాను. ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో పలుమార్లు ప్రిసైడింగ్ అధికారిగా, అంటే పోలింగ్ కేంద్రం బాధ్యుడిగా, డ్యూటీ చేశాను కనుక, నిబంధనలతో పాటు ఆ అనుభవం కూడా ఇందులో కలుస్తుంది.

ప్రశ్న: మా వదిన వార్డు సభ్యురాలిగా పోటీ చేస్తున్నారు. ఆమె తరఫున నేను పోలింగ్ ఏజెంటుగా కూర్చుంటున్నాను. ఉదయం పెట్టె దగ్గర నేను చూడవలసినవి ఏమిటి?
– ఒక పాఠకుడు, సిద్దిపేట జిల్లా

జవాబు: పోలింగ్ ఉదయం 7 గంటలకు మొదలవుతుంది కనుక మీరు ఆరు గంటలకల్లా నియామక పత్రంతో కేంద్రంలో ఉండండి. ఆలస్యంగా వెళ్లి, మూసిన పెట్టెను చూసి అనుమానపడితే ప్రయోజనం ఉండదు. ప్రిసైడింగ్ అధికారి పెట్టె మూత తెరిచి, లోపల ఏమీ లేదని ఏజెంట్లందరికీ చూపించాలి. మొహమాటపడకుండా దగ్గరికి వెళ్లి చూడండి, అది మీ హక్కు. ఆ తర్వాత పంచాయతీ పేరు, కేంద్రం నంబరు, తేదీ రాసిన చిరునామా చీటీ ఒకటి పెట్టె లోపల వేసి, ఇంకొకటి బయట కడతారు. బయటి చీటీ తెగిపోయినా ఆ పెట్టె ఎక్కడిదో తెలియడానికే లోపలి చీటీ. పెట్టె మూతకు బిగించే నంబరున్న కాగితం పట్టీ, అంటే పేపర్ సీలు, మీద అధికారి సంతకం చేశాక, కోరుకున్న ఏజెంట్లు కూడా చేయవచ్చు. మీరు తప్పకుండా చేసి, సీలు నంబరు రాసుకోండి. పెట్టె రకాన్ని బట్టి బిగించే పద్ధతి కొద్దిగా మారుతుంది కానీ, మూత మళ్లీ తెరవాలంటే ఆ కాగితం చిరగక తప్పదన్నది అన్నిటికీ ఒకటే. లెక్కింపు బల్ల మీద మీ సంతకం చెక్కుచెదరకుండా కనబడిందంటే, మధ్యలో ఎవరూ పెట్టె తెరవలేదని మీకు మీరే తేల్చుకోవచ్చు.

సీలు కన్నా ముఖ్యమైనది, ఏజెంట్లు తరచుగా పట్టించుకోనిది, నంబర్ల లెక్క. ఆ కేంద్రానికి వచ్చిన బ్యాలెట్ పత్రాల మొదటి నంబరు, చివరి నంబరు అధికారి మీకు చూపిస్తారు. సర్పంచి పత్రం గులాబీ రంగులోనూ, వార్డు సభ్యుల పత్రం తెలుపు రంగులోనూ ఉంటాయి కాబట్టి రెండు వరుసలుగా రాసుకోండి. మీ వార్డుకు 400 తెల్ల పత్రాలు వచ్చి, ఓటర్లకు ఇచ్చినవి 312 అనుకుంటే, పోలింగ్ ముగిసేసరికి బల్ల మీద 88 మిగలాలి. పాడై రద్దు చేసినవి, టెండర్డ్ ఓటుకు (తన పేరున అప్పటికే ఎవరో ఓటు వేసేసిన ఓటరుకు ఇచ్చేది) వాడినవి ఉంటే వాటికి విడిగా పద్దు ఉంటుంది. ముగింపు వేళకు వరుసలో నిలబడి ఉన్నవారికి చివరి మనిషి నుంచి మొదలుపెట్టి చీటీలు ఇస్తారు. వారందరి ఓట్లూ పడ్డాక అధికారి బ్యాలెట్ పత్రాల లెక్క తయారు చేస్తారు, దాని నకలు అడిగి తీసుకోండి. పెట్టెలో పత్రాలు 312 కన్నా ఒకటి రెండు తక్కువ ఉంటే, ఎవరో పత్రాన్ని పెట్టెలో వేయకుండా జేబులో పెట్టుకుపోయారని అనుకోవచ్చు. ఒక్కటి ఎక్కువ వచ్చినా దానికి సమాధానం దొరకాల్సిందే, అది దొరికేదాకా మీరు పట్టు విడవవద్దు.

ఒకసారి పంపిణీ కేంద్రంలో నాకిచ్చిన కట్టలో ఒక నంబరు లేదు. చీకటి పడుతోంది, మా బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది, తోటి సిబ్బంది పోనిద్దామన్నారు. నేను అక్కడే నేల మీద కూర్చుని కట్ట మొత్తం మరోసారి లెక్కపెట్టి, ఆ నంబరు లేదని రెండు వాక్యాలు రాసి, పత్రాలు ఇచ్చిన ఉద్యోగి చేత సంతకం పెట్టించుకున్నాను. మర్నాడు ఒక ఏజెంటు సరిగ్గా ఆ నంబరు గురించే నిలదీసినప్పుడు ఆ కాగితమే జవాబు చెప్పింది. ఈసారి డ్యూటీ పడినవాళ్లందరికీ నా మనవి ఒక్కటే: పత్రాలను బస్సులో కాదు, పంపిణీ కేంద్రంలోనే లెక్కపెట్టండి.

ప్రశ్న: నాకు మొదటిసారి ప్రిసైడింగ్ అధికారిగా డ్యూటీ పడింది. శిక్షణలో రెండు రబ్బరు ముద్రలు కలిసిపోకూడదని పదేపదే చెప్పారు. ఎందుకంత జాగ్రత్త?
– ఒక స్కూల్ అసిస్టెంట్, ఖమ్మం జిల్లా

జవాబు: ఆ రెండిటిలో ఒకటి ఓటరు వాడేది, మనం స్వస్తిక్ ముద్ర అనేది. రెండోది మీరు వాడేది, పోలింగ్ కేంద్రాన్ని గుర్తించే ముద్ర. పత్రం వెనుక మీరు ఈ రెండో ముద్ర వేసి సంతకం చేస్తేనే అది మీ కేంద్రం నుంచి వెళ్లిన అసలు పత్రమని లెక్కింపులో తెలుస్తుంది. ఆ ముద్ర పొరపాటున ఓటరు చేతికి వెళ్తే ఏమవుతుందో 2020 డిసెంబరులో జరిగిన గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల్లో చూశాం. కొన్ని పత్రాల మీద స్వస్తిక్ గుర్తుకు బదులు వేరే ముద్ర ఉన్నట్టు బయటపడింది, వాటిని లెక్కించాలా వద్దా అన్న వివాదం హైకోర్టుకు వెళ్లింది. నేరేడ్‌మెట్ డివిజన్‌లో అలాంటి ఓట్లు ఆధిక్యం కన్నా ఎక్కువగా ఉండడంతో, డిసెంబరు 4న మిగతా చోట్ల ఫలితాలు వెలువడినా అక్కడి ఫలితం కొన్ని రోజులపాటు ఆగిపోయింది. ఆ పత్రాలు వేసిన ఓటర్లు చేతికిచ్చిన ముద్రనే వేశారు, వాళ్ల తప్పు ఏమీ లేదు.

అందుచేత మీ ముద్రను, దాని ఇంకు ప్యాడును మీ బల్ల దాటనివ్వకండి. ఓటింగ్ గదిలో ఉండేది స్వస్తిక్ ముద్ర ఒక్కటే కావాలి. మొదటి ఓటరును పంపేముందు ఆ ముద్రను తెల్లకాగితం మీద ఒకసారి మీరే వేసి చూడండి, మధ్యమధ్య లోపలికి వెళ్లి అది అక్కడే ఉందో లేదో గమనించండి.

మడత సంగతి కూడా ఓటర్లకు చెప్పించండి. పత్రాన్ని ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడవాలి. అలా మడిస్తే తడి ఇంకు అంటుకున్నా అదే అభ్యర్థి గడిలో పడుతుంది, పక్కవారి గుర్తు మీదికి పోదు. అంటుకున్న మరకలో స్వస్తిక్ కొమ్ములు అద్దంలో చూసినట్టు ఎదురు దిశకు తిరిగి ఉంటాయి కనుక, ఏది ఓటరు వేసిన ముద్రో, ఏది మడతలో పడిన మరకో లెక్కింపు సిబ్బంది పోల్చుకోగలుగుతారు. ఇంత చిన్న గుర్తులో ఇంత ముందుచూపు ఉండడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ప్రశ్న: లోక్‌సభకు యంత్రాలు వాడుతూ, పంచాయతీకి ఇంకా కాగితమెందుకు? పైగా పత్రం మీద అభ్యర్థుల పేర్లు కూడా ఉండవు.
– ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా

జవాబు: లోక్‌సభ, శాసనసభ ఎన్నికలను భారత ఎన్నికల సంఘం నిర్వహిస్తుంది. పంచాయతీ ఎన్నికల బాధ్యతను 73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 243కె అధికరణం రాష్ట్ర ఎన్నికల సంఘానికి అప్పగించింది. తెలంగాణలో 12 వేలకు పైగా పంచాయతీలు, లక్షకు పైగా వార్డులు ఉన్నాయి. ప్రతి వార్డుకూ అభ్యర్థుల జాబితా వేరు కాబట్టి, ఉపసంహరణ ముగిసిన కొద్ది రోజుల్లో ఇన్ని రకాల పత్రాలను పేర్లతో అచ్చు వేయడం సాధ్యపడదు. గుర్తులు, చివర నోటాతో పత్రాలను ముందుగానే అచ్చు వేసి, పోటీలో ఎందరున్నారో దాన్నిబట్టి పంపుతారు. అందుకే తమ అభ్యర్థి గుర్తు ఏదో ఓటరు ముందే తెలుసుకుని వెళ్లాలి.

గుర్తు తప్పితే ఎంత నష్టమో చెప్పడానికి మళ్లీ 2020 గ్రేటర్ ఎన్నికలనే చూపించాలి. ఓల్డ్ మలక్‌పేట వార్డులో సీపీఐ అభ్యర్థికి కంకి కొడవలికి బదులు సీపీఎం గుర్తయిన సుత్తి కొడవలి నక్షత్రం అచ్చయింది. డిసెంబరు 1న పోలింగ్ మొదలయ్యాక ఆ తప్పు బయటపడి, మొత్తం వార్డుకు 3న రీపోలింగ్ జరపవలసి వచ్చింది. అచ్చు ప్రతిని ముందు రోజే అభ్యర్థుల జాబితాతో గడి గడికీ పోల్చి చూసి ఉంటే చాలు, ఆ శ్రమ తప్పేది.

ప్రశ్న: సర్పంచి ఓట్లు ఆ రోజే లెక్కిస్తారు. ఎంపీటీసీ పెట్టెలు మాత్రం గదుల్లో ఉండిపోతాయి. అప్పుడు వాటి భద్రత ఎలా?
– ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

జవాబు: మీ రాష్ట్రంలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 2021 ఏప్రిల్ 8న పోలింగ్ జరిగిన ఎంపీటీసీ, జడ్పీటీసీ ఓట్లను, కోర్టు వివాదం కారణంగా సెప్టెంబరు 19న గానీ లెక్కించలేదు. అయిదు నెలలకు పైగా పెట్టెలు స్ట్రాంగ్ రూముల్లో ఉన్నాయి, మధ్యలో ఒక వానాకాలం గడిచింది. గది తలుపుకు తాళం వేసి సీలు చేశారు, పోలీసు కాపలా పెట్టారు. అయినా కొన్నిచోట్ల పెట్టెలు తెరిచేసరికి తేమకు, చెదలకు పత్రాలు పాడై ఉన్నాయి. దొంగ రాకుండా చూసినంత శ్రద్ధగా నీరు రాకుండా కూడా చూడాలని అప్పుడు అందరికీ అర్థమైంది. పైకప్పు కారని, కిటికీలు మూసివేసిన గదిని ఎంచుకుని, పెట్టెలను నేల మీద కాక బల్లల మీద గోడకు దూరంగా పేర్చి, లోపలికి తీసుకొచ్చేముందే చెదల మందు కొట్టించాలి. తాళం వేసేటప్పుడు అభ్యర్థులను గానీ వారి ప్రతినిధులను గానీ పిలిచి, వారి సమక్షంలో సీలు వేయాలి. మీరు అభ్యర్థి ప్రతినిధిగా వెళ్లినట్లయితే తాళాన్ని ఒక్కదాన్నే చూసి రావద్దు, పైకప్పు వైపు కూడా ఒకసారి చూడండి.

ప్రశ్న: కౌంటర్‌ఫాయిల్ మీద నా ఓటరు నంబరు రాసి, వేలిముద్ర తీసుకున్నారు. పత్రానికీ దానికీ ఒకటే నంబరు ఉంది. నేను ఎవరికి ఓటు వేశానో తెలిసిపోదా?
– ఒక పాఠకురాలు, అనంతపురం జిల్లా

జవాబు: తెలియదమ్మా, నిశ్చింతగా ఉండండి. కౌంటర్‌ఫాయిళ్లు, అంటే పత్రం చించి ఇచ్చాక పుస్తకంలో మిగిలే ముక్కలు, పెట్టెలోకి వెళ్లవు. వాటిని పోలింగ్ ముగియగానే విడిగా కవరులో పెట్టి, సీలు వేసి పంపుతారు. లెక్కింపు బల్ల మీద పత్రాలు మాత్రమే ఉంటాయి, వాటిని కలిపి 25 చొప్పున కట్టలు కడతారు. కౌంటర్‌ఫాయిల్ కవరును కోర్టు లేదా ఎన్నికల ట్రిబ్యునల్ ఆదేశిస్తే తప్ప ఎవరూ విప్పకూడదు. దొంగ ఓటు పడిందని ఎవరైనా కేసు వేసినప్పుడు నిజం తేల్చడానికి ఆ నంబరు ఉండాలి, అందుకే దాన్ని ఉంచారు. మీ ఊళ్లో ఎవరైనా నంబరు చూసి మీ ఓటు చెప్పేస్తామని బెదిరిస్తే, ఆ మాట నమ్మకుండా వెంటనే రిటర్నింగ్ అధికారికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి.