ఇమ్యునాలజీ (రోగనిరోధక శాస్త్రం) శాస్త్రవేత్త ప్రభావాన్ని హెచ్-ఇండెక్స్‌తో కొలవవచ్చా?

ఆ ఒక్క అంకెతో తేల్చలేము. 2005లో భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ ప్రతిపాదించిన ఈ కొలమానం 50 అంటే, ఆ శాస్త్రవేత్త పత్రాలలో 50 పత్రాలు ఒక్కొక్కటీ కనీసం 50 సార్లు ఉదహరింపు పొందాయని అర్థం; అయితే వాటిలో ఒకటి 60 సార్లు ఉదహరింపు పొందిందా, వేల సార్లా అన్నది ఇందులో కనిపించదు.

జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచినే చూడండి. రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరంపై దాడి చేయకుండా అదుపు చేసే టి కణాలను (ఒక రకం తెల్ల రక్తకణాలను) వాటి ఉపరితలంపై ఉండే సీడీ25 అనే ప్రోటీన్ గుర్తుతో వేరు చేయవచ్చని ఆయన బృందం 1995లో చూపేనాటికి, అటువంటి కణాలు ఉన్నాయన్న భావనపైనే చాలామందికి నమ్మకం సడలిపోయింది. 2003లో ఈ కణాల అభివృద్ధిని నియంత్రించే ఫాక్స్‌పీ3 జన్యువు పాత్ర స్పష్టమయ్యాక ఈ రంగం వేగంగా విస్తరించింది. 2025లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లతో పాటు ఆయనకు నోబెల్ లభించింది. ఇలా ఒక్క పత్రం తెచ్చే మార్పును హెచ్-ఇండెక్స్ పట్టి చూపదు. పైగా ఇతరుల పరిశోధనలను క్రోడీకరించే సమీక్షా వ్యాసాలకు సహజంగానే ఉదహరింపులు ఎక్కువ కాబట్టి, వాటిని మూల పరిశోధనతో కలిపి లెక్కించడం నా దృష్టిలో సరికాదు.