తొంభై గుడ్లు ఉడకబెట్టబోతున్న అమ్మాయికి

చిక్కడపల్లి, హైదరాబాదు
మంగళవారం రాత్రి

చిరంజీవి తల్లికి పెద్దనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మాదాపూరులో ఉద్యోగం మానుకుని బోరబండలో కర్రీ పాయింటు తెరుస్తున్నావనీ, వచ్చే ఆదివారం మధ్యాహ్నానికి ఎనభై గుడ్డు బిర్యానీల ఆర్డరు అప్పుడే ఒప్పుకున్నావనీ మీ నాన్న నిన్న వచ్చి చెప్పాడు. విన్న క్షణం నుంచి ఒక పక్క గుండె నిండిపోయింది, ఇంకొక పక్క నిద్ర పట్టలేదు. మన ఇంట్లో సొంతంగా పొయ్యి వెలిగించి నలుగురికి అమ్మి బతుకుతానని లేచిన మొదటి మనిషివి నువ్వు. ఫోనులో చెబితే "సరే పెద్దనాన్నా" అని పెట్టేస్తావు కనుక ఈ కాగితం మీ నాన్న చేతికిచ్చి పంపుతున్నాను. బియ్యం, మసాలా, దమ్ము నీకు నాకంటే బాగా తెలుసు. నాకు తెలిసినది గుడ్లు ఉడకబెట్టడం. పద్దెనిమిదేళ్ళు వసతి గృహానికి వార్డెనుగా ఉండి, వందల గుడ్లు ఒకేసారి ఉడికించి పెంకు తీయించినవాణ్ణి.

ఇంట్లో నాలుగు గుడ్లలో ఒకటి చెదిరితే మనమే తినేస్తాము. ఎనభై పొట్లాల్లో పది గుడ్లు గుంటలు పడి పచ్చసొన బయటికి కనబడుతుంటే డబ్బిచ్చినవారు చూస్తూ ఊరుకోరు. పైగా చెదిరిన గుడ్డును పసుపు, కారం వేసి నూనెలో వేయిస్తే ఆ గుంటల్లో నిలిచిన నీరు చిటపటలాడి ముఖం మీదికి ఎగురుతుంది. బాగా వచ్చిన గుడ్డుకైనా రెండు గాట్లు పెట్టకుండా నూనెలో వేయకు. లోపలి ఆవిరికి దారి లేకపోతే అది పగులుతుంది.

అన్నిటికంటే ముందు చెప్పవలసినది గుడ్డు వయసు గురించి. ఇది నేను చేసిన తప్పు కనుక వివరంగా వ్రాస్తాను, విసుక్కోకుండా చదువు.

ముప్పై ఏళ్ళ కిందటి మాట. ఆగస్టు పదిహేనున పిల్లలందరికీ తలకొక నిండు గుడ్డుతో పులుసు పెడతానని వారం ముందు ప్రార్థన సమయంలో అందరి ఎదుట మాట ఇచ్చాను. నూట నలభై మంది పిల్లలు. దుకాణంలో నిలవ ఉన్న గుడ్లు నా పిల్లలకు పెట్టడమేమిటని, నగరం బయటి కోళ్ళఫారానికి ఆ తెల్లవారుజామునే టెంపో పంపించి, అప్పుడే పెట్టిన గుడ్లు పది ట్రేలు తెప్పించాను. మంచి పని చేస్తున్నానన్న గర్వం నాలో నిండా ఉంది. మా వంటావిడ ఒక గుడ్డును చేతిలో తిప్పి చూసి, "గివి ఇయ్యాల పెట్టిన గుడ్లు సార్, పొట్టు ఊడదు. నాలుగొద్దులు ఆగాలె" అన్నది. నేను వినలేదు. తాజా గుడ్డు కంటే మంచిది ఏముంటుందని గద్దించాను. పగలకుండా ఉండాలని చన్నీళ్ళలోనే వేసి పొయ్యి మీద పెట్టమన్నది కూడా నేనే. అంటే చేయగలిగిన తప్పులు రెండూ నేనే చెప్పి మరీ చేయించాను.

జెండా ఎగరేసి వచ్చేసరికి వంటగదిలో నలుగురు కూర్చుని పెంకు తీస్తున్నారు. పెంకుతో పాటు తెల్లసొన పొరలు పొరలుగా ఊడి వస్తోంది. నూట యాభై గుడ్లలో నిండుగా వచ్చినవి అరవై కూడా లేవు. నేను ఇచ్చిన మాట నా కళ్ళ ముందే ముక్కలవుతుంటే నిగ్రహం పోయి, పళ్ళేలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ పిల్లల ఎదుటే ఆమెను నానా మాటలు అన్నాను. చేతకానితనమన్నాను, నిర్లక్ష్యమన్నాను. ఆమె తల ఎత్తలేదు, చేయి ఆపలేదు. చెదిరిన వాటిని ఉల్లిపాయలు వేసి పొరుటు చేసి చివరి పంక్తుల్లోని చిన్న పిల్లలకు వడ్డించాము. అయిదవ తరగతి పిల్లవాడొకడు పళ్ళెంలోకి చూసి, "నా గుడ్డేది సార్?" అని అడిగాడు. అల్లరిగా కాదు, నిజంగా తెలియక అడిగాడు.

మిగిలిన గుడ్లను తరువాతి ఆదివారం అదే వంటావిడ, అదే గుండిగలో, ఈసారి తన పద్ధతిలో మరుగుతున్న నీళ్ళలో వేసి ఉడికించింది. పెంకులు అరటి తొక్కల్లాగా విడివడి వచ్చాయి. నేను గుమ్మంలో నిలబడి చూశాను. అప్పటికీ నోరు రాలేదు. మరొక వారానికి వెళ్ళి తప్పు నాదేనని చెప్పాను. ఆమె చేటలో బియ్యం ఏరుతూ, "తిట్టినందుకు గాదు సార్. పిల్లల ముందట తిట్టిండ్రు" అన్నది. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

కారణం ఏమిటో మా పక్క పాఠశాల రసాయన శాస్త్రం మాస్టారు తరువాత చెప్పారు. అప్పుడే పెట్టిన గుడ్డు తెల్లసొనలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది, దాని వలన పీహెచ్ విలువ, అంటే ఆమ్ల క్షార గుణాన్ని తెలిపే కొలత, 7.6 దరిదాపుల్లో ఉంటుంది. ఆ స్థితిలో ఉడికితే తెల్లసొన పెంకు లోపలి పొరను గట్టిగా పట్టుకుంటుంది. పెంకుకు కంటికి కనబడని రంధ్రాలు వేలల్లో ఉంటాయి. వాటిలోంచి ఆ వాయువు రోజు రోజుకూ బయటికి పోయి, కొన్నాళ్ళకు పీహెచ్ 9 దాటుతుంది, అప్పుడు పొరమీద పట్టు సడలుతుంది. లోపలి తేమ కూడా కొంత పోయి, వెడల్పు కొనలో ఉండే గాలి గది పెద్దదవుతుంది కనుక గోరు పెట్టడానికి చోటు దొరుకుతుంది. ఈ లెక్కలేవీ తెలియకుండానే మా వంటావిడ గుడ్డు చేతిలో తిప్పి చెప్పగలిగింది.

దుకాణానికి వచ్చేసరికే గుడ్డుకు ఒకటి రెండు రోజులు నిండి ఉంటాయి. వాటి మీద ఇంకొక మూడు నాలుగు రోజులు నీడలో ఉంచితే చాలు. ఎండాకాలంలో అంతకాలం బయట ఉంచరాదు, ఫ్రిజ్‌లో పెట్టాలి. అనుమానం వస్తే నీళ్ళ గిన్నెలో వేసి చూడు. అడుగున పడుకుంటే తాజాది, ఒక కొన పైకి లేస్తే నీకు కావలసినది, పూర్తిగా తేలితే పారేయవలసినది. ఎనభై పొట్లాలకు తొంభై గుడ్లు, అంటే మూడు ట్రేలు తీసుకో. కొనే ముందు పేపరులో నెక్ ధర, అంటే గుడ్ల సమన్వయ సంఘం ప్రకటించే ధర, చూసుకో.

ఉడికించడానికి నీళ్ళు ముందే తెర్లాలి. చన్నీళ్ళతో మొదలైతే తెల్లసొన మెల్లమెల్లగా గట్టిపడుతూ పొరకు అతుక్కుపోతుంది, మరిగే వేడి ఒక్కసారిగా తగిలితే అతుక్కునే వ్యవధి ఉండదు. ఫ్రిజ్‌లోవైతే అరగంట ముందు బయట పెట్టు, లేకపోతే చిట్లుతాయి. తొంభై ఒకేసారి వేయకు, నీళ్ళ వేడి పడిపోతుంది. ముప్పై చొప్పున మూడు వాయిలు, పెద్ద గుండిగలో ఎనిమిది లీటర్ల నీళ్ళు. చిల్లుల గరిటెతో ఒక్కొక్కటే దించు, చేత్తో జారవిడవకు. నీళ్ళు మళ్ళీ తెర్లడం మొదలైన తరువాత పదకొండు నిమిషాలు. మన హైదరాబాదు సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నందున ఇక్కడ నీళ్ళు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కనుక ఒక నిమిషం ఎక్కువే వేసి చెబుతున్నాను. ఇంటికి నాలుగైదు కావలసినప్పుడు ఇడ్లీ పాత్రలో అడుగున రెండు వేళ్ళ నీళ్ళు పోసి ఆవిరిమీద పెట్టినా పెంకు ఇంత హాయిగానూ వస్తుంది. కుక్కరులో వద్దు. ఎక్కువ ఉడికితే తెల్లసొనలోని గంధకము, పచ్చసొనలోని ఇనుము కలిసి ఆకుపచ్చ వలయం కడుతుంది. తింటే హాని లేదు, చూపుకు మాత్రం బాగుండదు.

ఉప్పు వేస్తే పెంకు ఊడుతుందని అందరూ అంటారు. చిట్లిన గుడ్డులోంచి కారిన సొనను అక్కడికక్కడే గట్టిపరచడానికి ఉప్పు పనికివస్తుంది గాని పెంకుకు అది చేసేదేమీ లేదు. గుడ్లు మరీ తాజావని తేలితే నీళ్ళలో కాస్త వంట సోడా వేయడం కొంత మేలు, ఎక్కువైతే వాసన పట్టుకుంటుంది.

ఇప్పుడు నా భయం చెబుతాను. వార్డెనుగా ఉన్నన్నాళ్ళు నన్ను రాత్రిళ్ళు లేపి కూర్చోబెట్టినది పిల్లల కడుపు ఏమవుతుందోనన్న దిగులు. నువ్వు శనివారం సాయంత్రమే గుడ్లు ఉడికించి, పెంకు తీసి, బల్లమీద పెట్టి పడుకుంటావని మీ నాన్న అన్నాడు. అలా చేయవద్దు, తల్లీ. ఎంత అలసినా చేయవద్దు. ఉడికిన గుడ్డు బయట రెండు గంటలు దాటకూడదు. శనివారమే ఉడికించక తప్పదంటే చల్లార్చి, తుడిచి, పెంకుతోనే ఫ్రిజ్‌లో పెట్టు, ఆదివారం ఉదయం పెంకు తీయి. చల్లార్చే నీళ్ళు కూడా తాగే నీళ్ళే అయి ఉండాలి. వేడి గుడ్డు చల్లబడేటప్పుడు లోపలి పదార్థం ముడుచుకుని, పెంకు రంధ్రాలలోంచి చుట్టూ ఉన్న నీటిని లోపలికి లాక్కుంటుంది. కాబట్టి చేపల దుకాణం మంచుగడ్డ నీ బకెట్టులోకి రాకూడదు. తాగునీటి క్యాను నీళ్ళు పోసి, ఫ్రిజ్‌లో చేసిన మంచు వేసుకో. వాయి దించగానే అందులోకి, పది నిమిషాలు. మరుగుతున్న గుండిగను ఒక్కదానివే ఎత్తి వంచకు, గరిటెతో గుడ్లు తీసుకుని నీళ్ళను అలాగే వదిలేయి. నీ చేతులు కాలితే నేను తట్టుకోలేను.

తరువాత పని తేలిక. వెడల్పు కొన మీద కొట్టి, బల్లమీద అరచేతి కింద మెల్లగా దొర్లించి, నీళ్ళలో ముంచి ఆ కొన నుంచే మొదలుపెట్టి పొరతో సహా లాగు.

పెంకు తీయడానికి పక్కింటి ఆవిడను పెట్టుకున్నావట. ఎంత ఆలస్యమైనా ఆమె మీద గొంతు లేపకు. గుడ్డు చెదిరితే ముందు గుడ్లు ఏ రోజు కొన్నామో చూసుకో.

శనివారం సాయంత్రం ఆరు గంటలకు మా పెద్ద చిల్లుల గరిటె తీసుకుని వస్తాను. కింద కూర్చోలేను గాని ఆదివారం ఉదయం స్టూలు వేస్తే ముప్పై గుడ్ల పెంకు నేనూ తీస్తాను. ఈ కాగితం నీకు బుధవారం ఉదయం అందుతుంది. చదవడం కాగానే వెళ్ళి ఆ మూడు ట్రేలు కొనేయి, శుక్రవారం దాకా ఆగకు.

ఆశీస్సులతో,
పెద్దనాన్న