మెల్‌బోర్న్ బొటానిక్ గార్డెన్ మీద 1871లో ప్రభుత్వం విచారణ ఎందుకు వేసింది?

ఒక్క ముక్కలో చెప్పాలంటే, జనానికి షికారు తోట కావాలి, డైరెక్టరేమో శాస్త్రవేత్త.

మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా ఇప్పుడు ఆస్ట్రేలియాలో ఒక రాష్ట్రం, అప్పట్లో బ్రిటిష్ వలస రాజ్యం. జర్మనీ నుంచి వచ్చిన ఫెర్డినాండ్ ఫాన్ మ్యూలర్ 1853లో ప్రభుత్వ వృక్షశాస్త్రవేత్త అయ్యాడు, 1857లో తోట బాధ్యత కూడా తీసుకున్నాడు. ఆయన దృష్టిలో తోటంటే మొక్కల గురించి నేర్చుకునే చోటు. దేశదేశాలకు విత్తనాలు పంపాడు, ఎండబెట్టిన మొక్కల నమూనాలు కూడబెట్టాడు, వరసలు వరసలుగా చెట్లు నాటించాడు. మన దగ్గర నీలగిరి చెట్లంటామే, ఆ యూకలిప్టస్ జాతుల గురించి లోకానికి చాటినవాళ్లలో ఆయన ముఖ్యుడు.

ఊళ్లోవాళ్లు మాత్రం పచ్చిక మైదానాలేవి, పూలేవి, ఫౌంటెన్లేవి అని పత్రికల్లో గొడవ చేశారు. దాంతో ప్రభుత్వం విచారణ బోర్డు వేసింది. చివరికి 1873లో తోటను మ్యూలర్ చేతుల్లోంచి తీసేసి విలియం గిల్‌ఫాయిల్‌కు అప్పగించారు. ఈయన ఎదిగిన చెట్లను సైతం వేళ్లతో పెకలించి వేరే చోట నాటించాడు. విశాలమైన పచ్చికలు, వంపులు తిరిగే దారులు, సరస్సు తీర్చిదిద్దాడు. ఇవాళ సందర్శకులు ముచ్చటపడే అందం చాలావరకు ఆయన చలవే.

అయినా మ్యూలర్‌కు అన్యాయమే జరిగిందని నా అభిప్రాయం. తోట అందం కోసం వేరే మనిషిని పెట్టుకోవచ్చు, అందుకు ఆయన్ని తోటలోని ఇంట్లోంచి కూడా పంపేయాలా? పదవి పోయినా ప్రభుత్వ వృక్షశాస్త్రవేత్తగా 1896లో చనిపోయేదాకా పనిచేస్తూనే ఉన్నాడు.