గ్రీన్ పోర్టు చదువు కోసం ముప్పై లక్షల అప్పా?

ప్రశ్న: మా అమ్మాయి సివిల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. పోర్టుల పర్యావరణ నిర్వహణలో ఎమ్మెస్ చేయడానికి నెదర్లాండ్స్ వెళ్తానంటోంది. ముప్పై లక్షలు అప్పు చేయాలి. ఇక్కడే ఎంటెక్ చేయించడం మేలా? ఆడపిల్లకి పోర్టులో పనేమిటని బంధువులు అంటున్నారు.
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: మీ ఉత్తరంలో అప్పు ఉంది, బంధువులున్నారు. అమ్మాయికి ఈ ఆలోచన ఎందుకొచ్చిందో మాత్రం లేదు. అసలు అడిగారా?

గాజువాకలో ఉంటూ పోర్టులో పనేమిటంటే ఎలాగండీ! ఓ సాయంత్రం ఆర్కే బీచ్‌కి వెళ్లండి. దూరంగా లైట్లు వేసుకుని నిలబడ్డ ఓడల్లో బెర్తు కోసం, అంటే పోర్టులో సరుకు దింపే చోటు కోసం, కాచుకున్నవి ఉంటాయి. లంగరు వేసినా వాటి జనరేటర్లు ఆగవు. పరుగున వచ్చి పడిగాపులు పడటమన్నమాట. బెర్తు ఎప్పుడు ఖాళీ అవుతుందో ముందే చెబితే ఓడ నిదానంగా వస్తుంది. వేగం కాస్త తగ్గినా ఇంధనం బోలెడు మిగులుతుంది. షెడ్యూలు సరిగ్గా వేసినవాడు పొగ తగ్గించినట్టే. ఆ పని ఆడపిల్ల చేయలేనిదా?

'గ్రీన్ పోర్టు' అన్న పేరు మీద మాత్రం నాకు అనుమానాలున్నాయి. కేంద్రం 2023లో 'హరిత్ సాగర్' మార్గదర్శకాలు తెచ్చింది. టన్ను సరుకుకి కర్బన ఉద్గారాలు 2030కి 30 శాతం, 2047కి 70 శాతం తగ్గాలట. మంచిదే. కానీ లక్ష్యం వేరు, ఉద్యోగ ప్రకటన వేరు. బెర్తులో ఉన్న ఓడకి ఒడ్డు నుంచి కరెంటిస్తే దాని ఇంజన్లు ఆపేయొచ్చు. ఆ కరెంటు థర్మల్‌ది అయితే? పొగ పోర్టు నుంచి థర్మల్ కేంద్రం ఉన్న పరవాడకి మకాం మార్చిందంతే. విశాఖ పాతనగరంలో డాబాల మీద ఆరేసిన బట్టలకి పోర్టు బొగ్గు నల్లపొడి అంటుతోందన్న గోడు ఏళ్లనాటిది. దానికి కావలసింది బొగ్గు కుప్పల మీద నీళ్లు చల్లే ఏర్పాటు, కప్పిన గోదాములు, మూసిన కన్వేయర్లు. అంటే సివిల్, మెకానికల్ వాళ్ల పనే. మీ అమ్మాయి చదువుతున్నదీ అదేగా!

పోలిక అడిగారు కాబట్టి: నెదర్లాండ్స్‌లో హార్బర్ చదువు గొప్పదే, అందులో సందేహం లేదు. ఐఐటీ మద్రాస్ ఓషన్ ఇంజినీరింగ్‌లో గేట్ స్కోరుతో ఎంటెక్ సీటొస్తే అప్పు గొడవే ఉండదు. ముందు అది ప్రయత్నించనివ్వండి. దారి మూసుకుపోదు, కంగారు పడకండి. ఉద్యోగంలో రెండేళ్లు చేశాక కూడా విదేశం వెళ్లొచ్చు.

ఈ వేసవిలో నెల రోజులు ఇంటర్న్‌షిప్ ఇమ్మని విశాఖ, గంగవరం పోర్టులు రెండింటికీ అర్జీ పెట్టమనండి. ఆ దుమ్ములో తిరిగొచ్చాక కూడా ఇదే చదువుతానంటే, ఈసారి ఉత్తరం అమ్మాయినే రాయమనండి.